మౌనానికీ హక్కుంది: జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారి న్యాయప్రస్థానం, మన దేవరల హక్కు

ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటాం. డప్పు కొడతాం, ఊరేగింపు తీస్తాం, పిల్లల చేత పాటలు పాడిస్తాం. రెండు రోజుల తర్వాత వచ్చే ఆగస్టు 11ను మాత్రం మన సంఘాల్లో ఎవరం పెద్దగా తలుచుకోం. 1986లో ఆ తేదీన సుప్రీంకోర్టులో ఒక తెలుగు న్యాయమూర్తి ముగ్గురు బడిపిల్లల పక్షాన తీర్పు చెప్పారు. ఆ పిల్లలు కేరళ వాళ్లు. మన తెగల వాళ్లు కారు, మన భాష వాళ్లూ కారు. అయినా ఆ తీర్పులోని మాట మన గూడేనికి, మన తండాకు, మన పిల్లలు చదువుకునే వసతిగృహానికి నేరుగా వర్తిస్తుంది. ఆ న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు.

ఈ-సావనీరుకు చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగారు. వీరుల గురించి, పోరాటాల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. మేము కొల్లూరు ప్రాంతంలో గిరిజన బాలికల వసతిగృహం చూసుకునే వాళ్లం. యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు ఒకే వరండాలో కూర్చుని భోంచేస్తారు. ఒకరి ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం, ఒకరి ఇంట్లో బైబిలు, ఒకరి ఇంట్లో సేవాలాల్ మహరాజ్ జెండా, ఇంకొకరి ఇంట్లో వేపచెట్టు కింద రాయి. కాబట్టి మతస్వేచ్ఛ అనే మాట మాకు పాఠ్యపుస్తకంలోది కాదు. రోజూ ఉదయం ప్రార్థన గంట కొట్టినప్పుడు ఎదురయ్యేది. అందుకే ఆ హక్కును కోర్టుల్లో నిలబెట్టిన న్యాయవాదుల గురించి, న్యాయమూర్తుల గురించి రాస్తున్నాం.

మన నేల మీది పాత అనుభవం

బాపట్ల పక్కనే స్టువర్టుపురం ఉంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఒకచోట ఉంచడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన సెటిల్‌మెంటు అది. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద ఆ ఊరికి పేరు వచ్చింది. నడిపే బాధ్యతను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకు అప్పగించారు. పుట్టిన కులాన్ని బట్టే మనిషిని నేరస్థుడిగా రాసుకున్న చట్టం అది. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి.

అక్కడ బడి వచ్చింది, వైద్యం వచ్చింది, పని వచ్చింది. చదువుకున్న తొలితరం ఎరుకల పిల్లల్లో చాలామంది ఆ బడి నుంచి వచ్చినవారే. ఆ మేలును కాదనడం న్యాయం కాదు. అక్కడ క్రైస్తవాన్ని మనస్ఫూర్తిగా నమ్మి, తరతరాలుగా ఆచరిస్తున్న కుటుంబాలు ఉన్నాయి. వారి విశ్వాసాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఒక్క ప్రశ్న మిగులుతుంది. హాజరు వేసే చెయ్యి, అన్నం పెట్టే చెయ్యి, ప్రార్థన చేయించే చెయ్యి ఒక్కటే అయినప్పుడు ‘నేను ఇష్టపడే వచ్చాను’ అని చెప్పుకోవడానికి మనిషికి చోటెక్కడ? ఆ ప్రశ్న ఏ ఒక్క మతానికో సంబంధించింది కాదు. అధికారం ఎవరి చేతిలో ఉన్నా అదే ప్రశ్న.

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 1952 నాటికి నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది. రాజ్యాంగంలోని 25వ అధికరణ ప్రతి మనిషికీ అంతరాత్మ స్వేచ్ఛను, తన మతాన్ని అనుసరించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును ఇచ్చింది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు దానికి హద్దులు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని 28వ అధికరణ చెప్పింది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న సంస్థల్లో కూడా మైనరు పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధకు, ఆరాధనకు హాజరు పరచకూడదని అదే అధికరణ అంటుంది. కాగితం మీద అంతా బాగుంది. కాగితం మీది మాట మనిషికి అందాలంటే మధ్యలో ఒక వకీలు, ఒక న్యాయమూర్తి కావాలి.

వకీలు నుంచి న్యాయమూర్తి దాకా

చిన్నపరెడ్డి గారు 1922 సెప్టెంబరు 25న పుట్టారు. అనంతపురం జిల్లా వారు. మనం ఇంకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో న్యాయవాద వృత్తిలోకి వచ్చిన తరం వారిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954 జూలై 5న ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అది హైదరాబాదుకు తరలింది. ఆ రెండేళ్లు తెనాలి, రేపల్లె, కొల్లూరు కక్షిదారులకు హైకోర్టు పొరుగూరంత దగ్గరలో ఉండేదని ఇప్పటి పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు.

చిన్నపరెడ్డి గారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పనిచేశారు. ప్రభుత్వం తరఫున వాదించే పని అది. ప్రభుత్వం పక్షాన నిలబడి వాదించిన అనుభవం ఉన్నవారికి, ప్రభుత్వం ఎక్కడ తన హద్దు దాటుతుందో కూడా బాగా తెలుస్తుంది. 1967లో అదే హైకోర్టుకు న్యాయమూర్తి అయ్యారు. 1976లో ఎమర్జెన్సీ కాలంలో దేశంలో 16 మంది హైకోర్టు న్యాయమూర్తులను వారి సమ్మతి తీసుకోకుండానే వేరే రాష్ట్రాలకు బదిలీ చేశారు. వారిలో ఆయన ఒకరు. పంజాబ్-హర్యానా హైకోర్టుకు పంపారు. అధికారం ఒక్క ఉత్తర్వుతో మనిషిని ఎలా కదిలించగలదో ఆయనకు స్వానుభవం. 1978 జూలైలో సుప్రీంకోర్టుకు వచ్చి, 1987 సెప్టెంబరులో పదవీ విరమణ చేశారు. ఆ తర్వాత కర్ణాటక మూడవ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షత వహించి 1990లో నివేదిక ఇచ్చారు. 2013 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

మతస్వేచ్ఛ ఆయన పనిలో ఒక భాగం మాత్రమే. రిజర్వేషన్లు, పేదల బతుకుతెరువు, కార్మికుల హక్కులు, వీటన్నిటి మీదా ఆయన తీర్పులు ఉన్నాయి. కానీ మనలాంటి వారికి పనికొచ్చే రెండు మాటలు మతస్వేచ్ఛ కేసుల్లోనే దొరుకుతాయి.

మతం అంటే ఏమిటి? 1982లో ఒక జవాబు

మొదటి మాట ఆరోవిల్ కేసులోది. పుదుచ్చేరి దగ్గరున్న ఆరోవిల్ నిర్వహణను ప్రభుత్వం 1980లో ఒక చట్టం ద్వారా తన చేతిలోకి తీసుకుంది. శ్రీ అరవిందుల బోధ ఒక మతమనీ, తమది ఒక మతశాఖ అనీ, దాని వ్యవహారాల్లో జోక్యం కూడదనీ అరవిందో సొసైటీ తరఫువారు వాదించారు. ఎస్.పి. మిట్టల్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో ధర్మాసనంలోని మెజారిటీ న్యాయమూర్తులు అది మతం కాదన్నారు. చట్టం చెల్లుతుందన్న తుది ఫలితంతో చిన్నపరెడ్డి గారు ఏకీభవించారు. కానీ మతం అన్న పదానికి అర్థం చెప్పే చోట మాత్రం విడిగా రాశారు.

మతం అన్నది పట్టుకుంటే జారిపోయే పదమని, ఎవరి ముందస్తు అభిప్రాయాలను బట్టి వారు దాన్ని అర్థం చేసుకుంటారని ఆయన అన్నారు. రాజ్యాంగం ఇచ్చిన హక్కును పేరున్న పాత మతాలకే కుదించి చదవకూడదని, ఆ పదాన్ని విశాలంగా చూడాలని ఆయన ధోరణి.

మన వైపు నుంచి ఈ మాటను చదువుకోండి. ఏ ఫారం నింపినా మతం అనే గడి ఉంటుంది. అందులో హిందూ, ముస్లిం, క్రైస్తవ అని రాసి ఉంటుంది. యానాదుల చెంచుదేవుడికి, సుగాలీల మేరమ్మ భవానికి, కోయల సమ్మక్క సారలమ్మలకు, గోండుల పెర్సాపేన్‌కు విడిగా గడి ఉండదు. ఏదో ఒకదానిలో సర్దేస్తారు. గ్రంథం లేదు, గుడికి గోపురం లేదు, పూజారికి పట్టా లేదు కాబట్టి అది మతమే కాదని, వట్టి నమ్మకమని తేల్చేస్తారు. మతమనే పదాన్ని విశాలంగా చదవాలన్న మాట అత్యున్నత న్యాయస్థానంలో ఒక తెలుగువాడి కలం నుంచి వచ్చిందని మన పిల్లలకు తెలియాలి.

నిలబడ్డారు, పాడలేదు

రెండో మాట 1986 నాటిది. బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ కేరళ రాష్ట్రం అని న్యాయశాస్త్ర విద్యార్థులంతా చదివే కేసు.

కొట్టాయం జిల్లా కిడంగూర్ గ్రామంలో ఒక ఉన్నత పాఠశాల. అక్కడ 10, 9, 5 తరగతుల్లో ముగ్గురు తోబుట్టువులు చదువుతున్నారు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. ఉదయం జనగణమన పాడేటప్పుడు ఆ పిల్లలు అందరితో పాటు గౌరవంగా లేచి నిలబడేవారు. పాడేవారు మాత్రం కాదు. తమ దేవుడికి తప్ప ఇంక దేనికీ స్తుతిగీతం పాడకూడదన్నది వారి విశ్వాసం. వారి అక్కలు కూడా అంతకుముందు అదే బడిలో అలాగే చదివి వెళ్లారు. ఎవరూ పట్టించుకోలేదు.

1985 జూలైలో ఒక శాసనసభ్యుడి కంట పడింది. ఆయన శాసనసభలో ప్రశ్న వేశారు. విచారణకు కమిషన్ వేశారు. ఆ పిల్లలు చట్టానికి లోబడి నడుచుకునేవారని, జాతీయగీతానికి ఏ అగౌరవమూ చేయలేదని ఆ కమిషనే నివేదిక ఇచ్చింది. అయినా పై అధికారి ఆదేశం ప్రకారం ప్రధానోపాధ్యాయురాలు జూలై 26న ముగ్గురినీ బడి నుంచి తీసేశారు. తండ్రి హైకోర్టుకు వెళ్లారు. ఒక న్యాయమూర్తి దగ్గర ఓడిపోయారు. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దగ్గరా ఓడిపోయారు. జనగణమనలో ఏ మతాన్నీ నొప్పించే మాట ఒక్కటీ లేదు కదా, పాడితే ఏమవుతుంది అని హైకోర్టు అడిగింది.

వినడానికి ఆ ప్రశ్న సబబుగానే ఉంటుంది. సుప్రీంకోర్టులో పిల్లల తరఫున సీనియర్ న్యాయవాది ఫాలీ ఎస్. నారిమన్ వాదించారు. చిన్నపరెడ్డి గారు, జస్టిస్ ఎం.ఎం. దత్ గారు విన్నారు. తీర్పు రాసింది చిన్నపరెడ్డి గారు. హైకోర్టు తప్పు ప్రశ్న వేసుకుందని ఆయన తేల్చారు. ఒక నమ్మకం మన బుద్ధికి నచ్చిందా, మన మనసుకు ఒప్పిందా అన్నది న్యాయస్థానం చూడవలసిన విషయం కాదు. ఆ మనిషి దాన్ని నిజంగా, మనస్సాక్షిగా నమ్ముతున్నాడా అన్నదే చూడాలి. నిజంగా నమ్ముతుంటే 25వ అధికరణ రక్షణ దొరుకుతుంది, ఆ అధికరణలోనే ఉన్న హద్దులకు లోబడి.

ఆ తర్వాత ఆయన పట్టుకున్నది ఇంకో కొస. పాడి తీరాలని చెప్పే చట్టం ఏది? పార్లమెంటు చేసిన చట్టం ఒకటి ఉంది, 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం. అది జాతీయగీతం పాడేవారిని కావాలని అడ్డుకోవడాన్ని, గీతాలాపన జరిగే సభకు భంగం కలిగించడాన్ని నేరం అంటుంది. పాడకపోవడం నేరమని అనలేదు. మిగిలినవి విద్యాశాఖ సర్క్యులర్లు. చట్టబలం లేని సర్క్యులరుతో ప్రాథమిక హక్కును కత్తిరించలేరు. గౌరవంగా నిలబడటంలోనే గౌరవం ఉంది. మాట్లాడే స్వేచ్ఛలో మౌనంగా ఉండే స్వేచ్ఛ కూడా ఉంది. పిల్లలను తిరిగి చేర్చుకోమని ఆదేశించి, మన సంప్రదాయం, మన తత్త్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే నేర్పుతున్నాయని, దాన్ని పలచన చేయవద్దని గుర్తు చేసి ఆయన తీర్పు ముగించారు.

సర్క్యులరుకూ చట్టానికీ ఉన్న ఈ తేడా మాలాంటి ఉద్యోగులకు పెద్ద పాఠం. ఫోనులో వచ్చిన ప్రతి సూచనా చట్టం కాదు. పిల్ల హక్కు సూచనతో పోదు.

సముద్రం అవతల ఒక వకీలు

ఈ తీర్పు వట్టి గాలిలోంచి ఊడిపడలేదు. చిన్నపరెడ్డి గారు అందులో అమెరికా సుప్రీంకోర్టు 1943 నాటి బార్నెట్ తీర్పును చర్చించారు. ఆ కేసు వాదించిన హేడెన్ కోవింగ్టన్ గురించి కూడా మనం తెలుసుకోవాలి. మన దేశంలో మతస్వేచ్ఛ కేసులే వృత్తిగా బతికే న్యాయవాది అరుదు. కోవింగ్టన్ జీవితంలో అధిక భాగం మాత్రం ఆ ఒక్క పనే.

అమెరికాలో 1940లో ఇలాంటి కేసే వచ్చింది. జెండాకు వందనం చేయని యెహోవా సాక్షుల పిల్లలను బడి నుంచి తీసేశారు. అక్కడి సుప్రీంకోర్టులో ఎనిమిది మంది న్యాయమూర్తులు బడి పక్షాన, ఒక్కరు పిల్లల పక్షాన నిలిచారు. తీర్పు వచ్చాక ఆ శాఖ వాళ్ల మీద దాడులు జరిగాయి. యుద్ధకాలం, దేశభక్తి వేడి మీదున్న రోజులు. అటువంటి సమయంలో కోవింగ్టన్ మళ్లీ అదే ప్రశ్నతో, వెస్ట్ వర్జీనియా పిల్లల తరఫున అదే కోర్టు తలుపు తట్టారు. 1943 జూన్ 14న ఆరుగురు ఇటు, ముగ్గురు అటు. మూడేళ్లలో కోర్టు తన తీర్పును తానే తిరగరాసింది. ఆయన తన వృత్తి జీవితంలో ఆ సుప్రీంకోర్టులో 40కి పైగా కేసులు నడిపారు. ఇంటింటికీ తిరిగి మతపుస్తకాలు ఇచ్చే పేదవాళ్ల మీద వేసిన లైసెన్సు పన్ను చెల్లదన్న 1943 తీర్పు కూడా ఆయన సాధించిందే. తర్వాత బాక్సర్ మహమ్మద్ అలీ యుద్ధానికి వెళ్లనన్నప్పుడు ఆయన తరఫున కూడా నిలబడ్డారు. క్రైస్తవ శాఖ వకీలు ముస్లిం మనస్సాక్షి కోసం వాదించారన్న మాట.

ఒక చిన్న గుంపు కోసం గెలిచిన కేసు ఆ గుంపు దగ్గర ఆగదు. పశ్చిమ వర్జీనియా నుంచి కిడంగూర్ దాకా వచ్చింది. కిడంగూర్ నుంచి మన దాకా రావాలి.

కొండకు కూడా 25వ అధికరణ

మన దాకా వచ్చిన రోజు కూడా ఉంది. చిన్నపరెడ్డి గారు పోయిన నెలలోనే, 2013 ఏప్రిల్ 18న, సుప్రీంకోర్టు నియంగిరి తీర్పు చెప్పింది. పార్వతీపురం దాటి రైలెక్కితే వచ్చే రాయగడ జిల్లా, దాని పక్కన కలహండి జిల్లా, ఆ రెండింటి మధ్య పరుచుకున్నవి నియంగిరి కొండలు. డోంగ్రియా కోందులకు ఆ కొండ శిఖరం నియమరాజు నివాసం. ఆ కొండ మీద బాక్సైటు తవ్వాలని ఒడిశా మైనింగ్ కార్పొరేషన్, వేదాంత కంపెనీ తలపెట్టాయి.

అక్కడ గుడి లేదు. పట్టా లేదు. దేవుడికి చట్టం దృష్టిలో చిరునామా లేదు. కోందుల పక్షాన నిలబడ్డ న్యాయవాదుల్లో సంజయ్ పరీఖ్ గారు ముఖ్యులు. అటవీ హక్కుల చట్టం 2006తో పాటు, ఆ కొండ మీద వారి ఆరాధన హక్కును కోర్టు ముందు పెట్టారు. 25, 26 అధికరణలు ఇచ్చే మతస్వేచ్ఛ షెడ్యూల్డ్ తెగలకు, సంప్రదాయ అటవీవాసులకు కూడా ఉందని, దాన్ని కాపాడాలని కోర్టు గుర్తించింది. గనుల వల్ల ఆ ఆరాధన హక్కుకు దెబ్బ తగులుతుందా లేదా అన్నది ఢిల్లీలో కాదు, గ్రామసభలో తేల్చమంది. 2013 జూలై, ఆగస్టు నెలల్లో 12 గ్రామసభలు జరిగాయి. ఏడు రాయగడలో, అయిదు కలహండిలో. న్యాయాధికారి సమక్షంలో ఆడా మగా లేచి నిలబడి చెప్పారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అనుమతి నిరాకరించింది.

కిడంగూర్ పిల్లలు నోరు తెరవకపోవడం వారి హక్కు అయింది. నియంగిరి కోందులు నోరు తెరిచి చెప్పడం వారి హక్కు అయింది. రెండు చోట్లా సూత్రం ఒకటే. నీ నమ్మకం నాకు అర్థమైందా లేదా అన్నది కాదు, నీకు అది నిజమా అన్నది.

చర్చికి వెళ్తే సర్టిఫికెట్ పోతుందా?

పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. ‘అమ్మా, మేం ఆదివారం చర్చికి పోతున్నాం, పిల్లకి ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వరంటున్నారు, నిజమేనా?’ అని. గొంతు తగ్గించి అడుగుతారు. ఆ గొంతు తగ్గించడమే మనల్ని బాధపెట్టాల్సింది.

షెడ్యూల్డ్ కులాలకు, షెడ్యూల్డ్ తెగలకు చట్టం ఒకటి కాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. మొదట హిందువులకే అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మన పొరుగునే ఉన్న గుంటూరు వైద్య కళాశాల సీటు మీద ఒక విద్యార్థి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది ఆ షరతు వల్లే. క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టి, హిందూమతంలోకి వచ్చిన ఆ యువకుడిని కులం తిరిగి తనలో కలుపుకుంటే అతను ఆ కులం వాడే అవుతాడని 1976లో కోర్టు చెప్పింది.

షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అటువంటి మతం షరతు లేదు. ఇది ప్రతి గూడెంలో గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన వాక్యం. క్రైస్తవుడైన గిరిజనుడు గిరిజనుడిగానే పోటీ చేయవచ్చని కార్తీక్ ఓరాన్ కేసులో పాట్నా హైకోర్టు చెప్పింది. 2004లో చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు కూడా, మతం మారినంత మాత్రాన తెగ హోదా దానంతట అదే పోదని చెప్పింది. అయితే వివాదం వస్తే, ఆ మనిషి ఇంకా తెగ ఆచారాలతో, తెగ జీవనంతో ముడిపడి ఉన్నాడా అన్నది వాస్తవాలను బట్టి చూడాలంది. అంటే మన భాష, మన పెళ్లి పద్ధతి, మన చావు కర్మ, మన పెద్దల పంచాయితీ, మన పండుగ, ఇవి కేవలం సంబరం కోసం కాదు. అవి మన గుర్తింపుకు సాక్ష్యం. సాంస్కృతిక సంఘం ఎందుకు ఉండాలని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టేనిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు అంది. మన పిల్లల దగ్గరికి పుస్తకం పట్టుకొచ్చేవారైనా, ప్రసాదం పట్టుకొచ్చేవారైనా, దుప్పటి పట్టుకొచ్చేవారైనా ఈ మాట గుర్తుంచుకోవాలి.

వసతిగృహంలో ఇదంతా ఎలా ఉంటుంది

పెద్ద తీర్పులు చివరికి చిన్న పనుల్లో తేలతాయి. ఉదయం ప్రార్థనలో ఏ దేవుడి పేరూ లేని పాట పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు. జనగణమనకు లేచి నిలబడి, పెదవి కదపని పిల్ల ఉంటే ఆమెను వేలు పెట్టి చూపాల్సిన పని లేదు. మాల వేసుకున్న ఇంటి పిల్ల కొన్నాళ్లు గుడ్డు వద్దంటే, ఉపవాస ప్రార్థన ఉన్న ఇంటి పిల్ల ఒకపూట అన్నం వద్దంటే, ఇలవేల్పు మొక్కు ఉండి ఇంకో పిల్ల ఏదో కూర ముట్టనంటే, ఆ మూడూ ఒకే కొలతతో కొలవాలి. మొదటి రెంటికీ సరే అని, మూడోదానికి మాత్రం ‘మూఢనమ్మకం’ అంటే ఆ కొలత తప్పు. మొక్కు పేరు చెప్పి పిల్ల ఆరోగ్యం చెడగొడతామంటే మాత్రం ఒప్పుకోం. ఆరోగ్యం అనే హద్దు 25వ అధికరణలోనే ఉంది. జ్వరానికి తాయెత్తు కట్టుకున్నా కాదనం, డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్తాం.

ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి సుగాలి పిల్లలు పాడతారు, యానాది పిల్లలు చప్పట్లు కొడతారు. డిసెంబరులో నక్షత్రం కడతారు, జనవరిలో ముగ్గు వేస్తారు. ఎవరినీ లాగి కూర్చోబెట్టనంత వరకు అది పండుగ. లాగి కూర్చోబెట్టిన రోజు అది హాజరు పట్టీ అవుతుంది. మన పెద్దలు ఆ పట్టీలో పేరు రాయించుకున్నవాళ్లు. మన చేతుల్లోకి ఇప్పుడు హాజరు పుస్తకం వచ్చింది. మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మన వాళ్లు నల్లకోటు వేసుకోవాలి

పైన చెప్పుకున్న పేర్లు ఒకసారి చూడండి. చిన్నపరెడ్డి, నారిమన్, కోవింగ్టన్, సంజయ్ పరీఖ్. ఒక్కరూ గిరిజనులు కారు. వారు ఇతరుల మనస్సాక్షి కోసం నిలబడ్డారు, వారికి రుణపడి ఉన్నాం. కానీ మన దేవర గురించి, మన కొండ గురించి, మన చెరువు కట్ట మీది రాయి గురించి కోర్టులో చెప్పేటప్పుడు ఆ పేరు పలకడం వచ్చిన గొంతు ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది! మా పిల్లల్ని ఏమవుతావని అడిగితే టీచరు, నర్సు, పోలీసు అంటారు. మంచివే. ఆ వరుసలోకి వకీలు కూడా చేరాలి. ఇంటర్ అయ్యాక లాసెట్ రాసి అయిదేళ్ల న్యాయవిద్యలో చేరవచ్చు. క్లాట్ రాస్తే విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఈ దారులున్నాయని పదో తరగతిలోనే చెప్పాలి.

అప్పటిదాకా ఉన్న సాయాన్ని వాడుకుందాం. న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టం 1987 ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టుల్లో అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. సర్టిఫికెట్ ఆపినా, దేవర బండను జరపమన్నా, పిల్లను ప్రార్థనకు బలవంతం చేసినా, ‘మా ఖర్మ’ అని ఇంటికి వెళ్లిపోవద్దు. ఆ మాట ఎవరన్నారో, ఏ కాగితం మీద అన్నారో, ఏ చట్టం కింద అన్నారో అడగండి. కిడంగూర్ తండ్రి అడిగింది అంతే. రెండుసార్లు ఓడిపోయాక కూడా అడిగారు.

వచ్చే ఆగస్టులో 9వ తేదీ పండుగకు టెంటు వేసినప్పుడు, దాన్ని 11 దాకా ఉంచుదామని సంఘం పెద్దలకు మా మనవి. ఆ రోజు పిల్లల్ని కూర్చోబెట్టి ఈ కథ చెబుదాం. పాడేవాళ్లు పాడతారు. పాడని పిల్ల ఉంటే ఆమె పక్కన మరో కుర్చీ వేసి కూర్చుందాం.

జై ఆదివాసీ. జై రాజ్యాంగం.